భవ్య ఇంటి రంగు

గుండ్లవాగుపాలెం,
జూలై 12.

ప్రియమైన గ్రేసమ్మ పిన్నికి,
వందనాలతో నీ దయామణి.

మొన్న ఫోన్లో నేను అరిచిన అరుపులు బజారంతా విన్నది గానీ నీకు మాత్రం వినపడలేదు. నీ చెవులు పూర్తిగా పోయాయని అప్పుడు అర్థమైంది. వీడియోలో నా పెదాలు చూసైనా కనిపెడతావంటే, నీకు ఆ ఫోనే గిట్టదాయె. ముప్ఫైమూడేళ్ళు బడిపిల్లల గోల విన్నదానికి దేవుడు ఇప్పుడు విశ్రాంతి ఇచ్చాడని నవ్వుతున్నావట. సరే, ఇక మనిద్దరికీ పోస్ట్‌మ్యానే దిక్కు.

బదిలీ మీద ఈ ఊరు వచ్చి ఏడాది దాటింది. ఐదు తరగతులకి కలిపి ఇరవైముగ్గురు పిల్లలు, నేనొక్కదాన్నే టీచర్ని. వంట చేసే బీబీ ఉంది కాబట్టి బతికిపోతున్నాను. అన్నం ఉడికేలోపు ఒకటో తరగతి వాళ్ళ ముక్కులు కూడా తనే తుడుస్తుంది.

మొన్న కారంపూడి మీటింగులో, సాంఘికం పాఠాలు ఈ ఏడాది బొమ్మలతో, పాటలతో, ఆటలతో కలిపి చెప్పాలన్నారు. అందరూ ఆవలించారు. నాకేమో నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు నీ బడికి వచ్చి, నాపరాళ్ళ మీద సుద్దతో నువ్వు గీయించిన కృష్ణానది మీద గెంతుకుంటూ తిరిగినదాన్ని నేను. అందుకే ముందు పల్నాటి యుద్ధం పాఠానికి అట్టపెట్టెలు కత్తిరించి రెండు కోడిపుంజులు చేయించాను. పందెం మొదలయ్యేసరికి పైబజారు పిల్లలంతా ఒక పుంజు వెనక, కిందబజారు పిల్లలంతా ఇంకో పుంజు వెనక చేరారు. నేను చెప్పకుండానే. భలే నవ్వొచ్చింది.

ఇప్పుడు పెద్ద పని మొదలుపెట్టాను. బడి లోపలి గోడ మీద ఈ ఊరి పటం. ప్రతి ఇల్లూ ఉండాలి. పిల్లలే అడుగులతో కొలిచి, దిక్కులు చూసి గీయాలి. నాలుగో తరగతిలో భవ్య అనే పిల్ల ఉంది, దాని చేతిలో ఏదో ఉంది పిన్నీ. బడి దగ్గర్నుంచి వాగు దాకా నాలుగువందల పన్నెండు అడుగులని లెక్కపెట్టుకొచ్చి, మలుపు ఎక్కడ తిరుగుతుందో అక్కడే తిప్పి గీసింది. వాళ్ళ నాన్న వెంకటేష్ పైబజారులో ధనుంజయరావుగారి ట్రాక్టరు నడుపుతాడు, ఆయన స్థలంలోనే చిన్న ఇల్లు వేసుకుని ఉంటున్నారు. ఇంత మంచి చెయ్యి ఈ ఊళ్ళో మిరపకాయలు కోసుకుంటూ పోకూడదని నాకు పట్టుదలగా ఉంది.

గోడకి రంగులు ఎలా కలపాలో వివరంగా రాయి.

నీ దయ.


వినుకొండ,
జూలై 20.

దయా తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదువుతుంటే పాలు పొంగిపోయాయి, ఆ లెక్క నీ ఖాతాలోదే.

ముందు గోడకి పిడుగురాళ్ళ సున్నం రెండు పూతలు వెయ్యి. పచ్చిగా ఉండగానే రంగు పూస్తే ఆరాక పెచ్చులు లేస్తుంది, రెండు రోజులు ఆగు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పొడికొట్టి ఉడకబెడితే జిగురొస్తుంది. ఆ జిగురులో ఏ రంగు కలిపినా గోడ వదలదు. చీపురుపుల్ల కొస నలగ్గొడితే కుంచె. అంగడికి పోనక్కర్లేదు.

ఊళ్ళోకి పిల్లల్ని ఊరికే తోలకు. ఒక్కొక్కళ్ళని ఒక ముసలామె దగ్గర కూర్చోబెట్టి, ఈ ఇల్లు కట్టకముందు ఇక్కడేముండేదో అడిగి రమ్మను. సాంఘికం అంటే అదే. పుస్తకంలో ఉన్నది దాని తర్వాత.

ఇళ్ళకి రంగులు పిల్లల ఇష్టానికి వదిలెయ్యి. నీ చెయ్యి పెట్టకు, నువ్వు చిన్నప్పుడు కూడా పక్కవాళ్ళ పలక మీద రాసేదానివి. ఇంకొకటి. పిల్లలు ఖాళీగా వదిలిన చోటు వదిలెయ్యి. అది కూడా వాళ్ళు ఆలోచించే వదులుతారు.

భవ్యకి నా ముద్దులు. నీకు తిట్లు, ఎందుకంటే ఏడాదిగా వినుకొండ రాలేదు.

పిన్ని.


గుండ్లవాగుపాలెం,
ఆగస్టు 9.

పిన్నీ,

కుశల ప్రశ్నలు రాసే స్థితిలో లేను. నాకు సలహా కావాలి, త్వరగా కావాలి.

పటం పూర్తయింది. నూటపన్నెండు ఇళ్ళు, వాగు, చర్చి, రామాలయం, పీర్లచావిడి, మిరప కల్లాలు, అన్నీ. నువ్వన్నట్టే ఇళ్ళ రంగులు పిల్లలకే వదిలేశాను. గిన్నెల్లో ఏడు రంగులు పెట్టాను పిన్నీ. వాళ్ళు రెండే వాడారు. ఆ రెండు రంగుల పేర్లు ఈ కాగితం మీద రాయను. ఎన్నికలొస్తే మన జిల్లాలో మెడల్లో ఏ కండువాలు పడతాయో నీకు తెలుసు. ఏ ఇంట్లో ఏ కండువా ఉందో ఈ ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా తెలుసట. పైబజారంతా ఒక రంగు, కిందబజారంతా ఇంకోటి. ఫోటో తీసి మా శాఖ యాప్‌లో పెట్టాక గానీ నేను గమనించలేదు.

ఫోటో మా టీచర్ల గ్రూపులో కూడా పెట్టాను, మెచ్చుకుంటారని. ఎవరు ఎవరికి పంపారో, సాయంత్రానికి ఊరందరి ఫోన్లలో ఉంది. పెద్దది చేసి చూశారు. పైబజారు మధ్యలో నలభై ఇళ్ళది ఒక రంగైతే, ఒక్క ఇంటిది కిందబజారు రంగు.

అది భవ్య వాళ్ళ ఇల్లు.

వెంకటేష్ పన్నెండేళ్ళుగా ధనుంజయరావుగారి మనిషి. ఆయన జీపు వెనక జెండా కట్టుకుని తిరిగినవాడు. ఓటు మాత్రం ఎటు వేశాడో వాళ్ళ ఇంట్లోవాళ్ళకే తెలుసు. రెండేళ్ళ క్రితం ఎన్నికలయ్యాక ఈ ఊళ్ళో ఏడు గడ్డివాములు తగలబడ్డాయి, ముగ్గురు ఇప్పటికీ ఊళ్ళోకి రాలేకపోతున్నారు. మళ్ళీ పంచాయతీ ఎన్నికలు వస్తాయంటున్నారు. అలాంటి చోట ఈ పటం. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు తాళాలు తీసేసుకున్నారు.

అక్కడితో అయిపోలేదు. బడిలో పార్టీల బొమ్మలు వేయించానని నామీద పైకి ఫిర్యాదు వెళ్ళింది. వారం రోజుల్లో సంజాయిషీ రాసివ్వమని ఎంఈఓ గారు చెప్పారు. సస్పెండ్ చేస్తే బడికి ఇంకో టీచర్ని వేయరు, పిల్లల్ని మూడు కిలోమీటర్ల అవతల బడిలో కలిపేస్తారు. ఆడపిల్లల్ని సగంమంది మాన్పిస్తారు.

ఏం రాయాలి? ఈ ఉత్తరం కారంపూడి నుంచి స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

దయ.


వినుకొండ,
ఆగస్టు 11.

దయా,

భయపడకు. ముందు అన్నం తిను.

నేను ఇలాంటివి మూడు రాశాను నా సర్వీసులో. పొడుగ్గా రాయకు, నాలుగు వాక్యాలు చాలు. శాఖ చెప్పిన కార్యక్రమం ప్రకారమే పటం వేయించానని, రంగులు పిల్లలు తమంతట తామే ఎంచుకున్నారని, నా ప్రమేయం గానీ ప్రోత్సాహం గానీ లేవని, తెలిసిన వెంటనే గోడకి సున్నం వేయించానని రాయి. అయిపోయింది. పిల్లల్ని ఎవరూ ఏమీ అనరు, పసివాళ్ళకి ఏం తెలుసని వదిలేస్తారు. నువ్వు నిలబడితే బడి నిలబడుతుంది.

వెంకటేష్ సంగతి పెద్దమనుషుల ద్వారా తర్వాత చూడొచ్చు. కోపాలు కోతల నాటికి చల్లారతాయి, ట్రాక్టరుకి డ్రైవరు కావాలిగా.

వెంటనే రాసిచ్చెయ్యి.

పిన్ని.


గుండ్లవాగుపాలెం,
ఆగస్టు 30.

పిన్నికి,

నువ్వు చెప్పినట్టే రాసిచ్చాను. నాలుగు వాక్యాలే. ఎంఈఓ గారు చదివి, ఇకముందు జాగ్రత్తగా ఉండమన్నారు. ఉద్యోగానికి ఏం ఫరవాలేదు.

గోడకి సున్నం నేనే వేశాను. చింతగింజల జిగురు మంచిదేనని నువ్వన్నది నిజం. మూడు పూతలు వేసినా ఇళ్ళు కనపడుతూనే ఉన్నాయి. నాలుగోది రేపు వేస్తాను.

నా సంజాయిషీ కాగితం ఫోటో కూడా ఊళ్ళోకి వచ్చింది. ఆఫీసులో ఎవరు తీశారో తెలియదు. పాలకేంద్రం దగ్గర పొద్దున పాలు పోయడానికి వచ్చిన నలభైమంది ముందు దాన్ని పైకి చదివారట. రంగులు పిల్లలు తమంతట తామే ఎంచుకున్నారు. వెంకటేష్ అక్కడే క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటికి వెళ్ళి భవ్యని కొట్టాడు. ఏ చేత్తో వేశావని అడిగి, ఆ చేతి మీద. మణికట్టు వాచి కారంపూడి తీసుకెళ్ళి కట్టు కట్టించారు.

స్థలం ఖాళీ చెయ్యమన్నారు. వానలు తగ్గేదాకా ఆగమని వెంకటేష్ తల్లి ధనమ్మ వెళ్ళి రావుగారి వాకిట్లో కూర్చుంది. ఆమె మనవరాలిని తిడుతూనే ఉందట. కడుపులో మాట దాచుకోలేని దరిద్రపు పిల్ల అని, ఇల్లు కూల్చిన పిల్ల అని. బజారులో ఆడవాళ్ళు కూడా దాన్ని అలాగే చూస్తున్నారు. భవ్య బడికి రావడం మానేసింది.

మధ్యాహ్నం బీబీ అన్నం వడ్డిస్తుంది గానీ నాతో మాట్లాడటం లేదు.

అంతే పిన్నీ. ఇంకేం రాయాలో తోచడం లేదు. నీ బీపీ మాత్రలు మానకు.

దయామణి.


వినుకొండ,
సెప్టెంబరు 6.

దయామణీ,

పిల్లల్ని ఎవరూ ఏమీ అనరని నేను రాశాను. ఆ వాక్యం నాదే. తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి.

నీ ఉత్తరాలు మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. చెవులు పోయినదాన్ని, నాకు ఇక చదవడమే పని. జూలైలో నాకు పేజీలు పేజీలు రాశావు. చివరి దాంట్లో బీబీ నీతో మాట్లాడటం లేదని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఆమెకి నీమీద కోపమెందుకు? సంజాయిషీలో నువ్వు రాసింది నిజమే అయితే ఆమె జాలిపడాలి కదా.

నీకు చెప్పని సంగతి ఒకటి చెబుతాను. గురజాల వైపు పనిచేసేటప్పుడు నేనూ ఒకసారి ఊరి పటం వేయించాను, గోడ మీద కాదు, నేల మీద ముగ్గుపిండితో. ఆ పిల్లలూ వర్గాల రంగులే నింపారు. కానీ కొన్ని ఇళ్ళు ఏ రంగూ వేయకుండా వదిలేశారు. ఎవరివని చూస్తే అన్నీ ఒకరి స్థలంలో ఉంటూ, ఒకరి పొలంలో బతికేవాళ్ళవి. ఆ పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. మాట బయటికి పోకూడదన్నది వాళ్ళకి అన్నంతో పాటు తెలుస్తుంది. నేను మర్నాడు పొద్దున్నే పిల్లలు రాకముందే ఊడ్చేశాను. అందుకే నీకు ఖాళీ వదిలెయ్యమని రాశాను. కారణం రాయలేదు, అది నా తప్పు.

అందుకని అడుగుతున్నాను. నాలుగువందల పన్నెండు అడుగులు లెక్కపెట్టగలిగిన పిల్ల, పైబజారు నడిబొడ్డున ఉంటూ, వాళ్ళ నాన్న ఎవరి అన్నం తింటున్నాడో తెలిసిన పిల్ల, తన ఇంటిని ఎందుకు తెల్లగా వదల్లేదు?

జవాబు రాయి. పెద్దదైనా సరే, చిన్నదైనా సరే.

గ్రేసమ్మ.


గుండ్లవాగుపాలెం,
సెప్టెంబరు 15.

పిన్నీ,

వదిలింది.

ఈ ఒక్క మాట రాయడానికి వారం పట్టింది. ఇక మిగతాది రాస్తాను, ఆపకుండా రాస్తాను, ఆపితే మళ్ళీ అబద్ధం రాస్తానేమోనని భయంగా ఉంది.

ఆ గురువారం నాలుగింటిలోపు ఫోటో యాప్‌లో ఎక్కించాలి. శనివారం పెద్ద ఆఫీసరు వస్తారని, మండలంలో మంచి బడుల లిస్టులో మా బడి పేరు వేస్తామని అన్నారు. మూడున్నరకి గోడ చూస్తే అన్నీ నిండి ఉన్నాయి, పైబజారు మధ్యలో ఒకటే తెల్లగా. పిల్లలు కండువాల రంగులు వేస్తున్నారని నాకు అప్పటికే తెలుసు. ఫోటో పెట్టాక చూశానని నీకు రాసింది అబద్ధం. పల్నాడులో పుట్టి పెరిగినదాన్ని, ఆ రెండు రంగులు చూసి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తెలిసీ నవ్వుకున్నాను. అట్టపుంజుల నాడు నవ్వినట్టే. బయటివాళ్ళు చూస్తే అందంగానే ఉంటుందిలే అనుకున్నాను.

భవ్యని పిలిచి, మీ ఇల్లు ఏమే, పళ్ళూడిన నోరులాగా ఖాళీగా ఉంది అన్నాను. మిగతా పిల్లలు నవ్వారు. అది తల వంచుకుని, మా నాన్న చెప్పొద్దన్నాడు టీచర్ అంది. ఇది బొమ్మే కదా, ఎవరు చూస్తారు, వెయ్యి అన్నాను. వేయలేదు. టైము చూసుకుంటూ విసుక్కున్నాను. చీపురుపుల్ల దాని వేళ్ళ మధ్య పెట్టి, మణికట్టు పట్టుకుని గిన్నెల దగ్గరికి తీసుకెళ్ళాను.

అప్పుడు అది నన్ను అడిగింది, "నిజం రంగు ఎయ్యాల్నా టీచర్, బయటి రంగు ఎయ్యాల్నా?"

అక్కడ ఆగి ఉండాల్సింది పిన్నీ. ఆ ప్రశ్నలో మొత్తం ఉంది. నేనేమన్నానో తెలుసా? "నిజం రంగే. బళ్ళో అబద్ధం రాయకూడదు."

వేసింది. గీత దాటకుండా, చక్కగా వేసింది. బీబీ వాకిట్లో గిన్నెలు తోముతూ అంతా చూసింది. ఫోటో తీసుకున్నాను.

ఆ తర్వాత నేను బళ్ళో కూర్చుని, అదే బల్ల మీద, రంగులు పిల్లలు తమంతట తామే ఎంచుకున్నారని రాసి సంతకం పెట్టాను. నువ్వు రాయమన్నావని రాశానని అనుకుందామని చాలాసార్లు చూశాను. నీకు నిజం చెప్పి ఉంటే నువ్వు అలా రాయమనేదానివి కాదు. అందుకే చెప్పలేదేమో.

ఊరంతా ఆ పిల్లని వేలెత్తి చూపిస్తుంటే నేను తలుపేసుకుని కూర్చున్నాను. రోజూ వాళ్ళ ఇంటి ముందు నుంచే బడికి పోతాను. అది కట్టు చేత్తో అరుగు మీద కూర్చుని ఉండేది. నన్ను చూసి లేచి నిలబడేది, పిన్నీ. ఇంకా లేచి నిలబడేది, టీచరు వస్తోందని.

పోయిన సోమవారం ఆ అరుగు ఖాళీగా ఉంది. సామాన్లన్నీ ఒక ఆటోలో వేసుకుని తెల్లవారకముందే వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరూ చెప్పడం లేదు. బీబీని అడిగాను. ఇన్నాళ్ళకి నోరు తెరిచి ఒక్క మాటే అంది, "ఆ పిల్ల వద్దనే అంది గదమ్మా."

నాకు నిద్ర లేదు. ప్రార్థన చేద్దామని మోకరిస్తే ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఏం చెయ్యను?

దయ.


వినుకొండ,
సెప్టెంబరు 20.

దయామణీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీమీద కోపంతో ఉన్నాను. నాకు ముందే చెప్పి ఉంటే ఆ నాలుగు వాక్యాలు రాయమనేదాన్నా అని గోడతో గొడవపడ్డాను. మూడోరోజు నన్ను నేను సరిగ్గా అడిగి చూసుకున్నాను. రాయమనేదాన్నేమో. ఉద్యోగం నిలవాలి, బడి నిలవాలి, పిల్లదేముంది అని. ముప్ఫైమూడేళ్ళలో మూడు సంజాయిషీలు రాశానని గొప్పగా చెప్పుకున్నాను కదా, ఆ మూడింటిలోనూ తప్పు ఎవరో ఒక పిల్లవాడి మీదే పెట్టాను. వాళ్ళ ఇంట్లో ఆ సాయంత్రం ఏం జరిగిందో ఏనాడూ వెళ్ళి చూడలేదు. వాళ్ళ పేర్లు కూడా గుర్తులేవు.

నిన్ను ఓదార్చను. ఏడవకు అని కూడా రాయను.

ముందు ఎంఈఓ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసివ్వు. తర్వాత ధనుంజయరావుకి చెప్పు. ఆయన కరుగుతాడని కాదు. ఆ తర్వాత ఆ పిల్ల ఎక్కడుందో వెతుక్కుంటూ పో. వాళ్ళ నాన్న ముందు, వాళ్ళ నాయనమ్మ ముందు, పిల్లకి వినపడేలా చెప్పు. బీబీకి వాళ్ళెక్కడున్నారో తెలిసే ఉంటుంది. నువ్వు కాగితం మార్చావని తెలిస్తే చెబుతుంది.

చేసేదాకా నాకు ఉత్తరం రాయకు.

గ్రేసమ్మ.


గుండ్లవాగుపాలెం,
అక్టోబరు 26.

పిన్నికి,

చేసి రాస్తున్నాను.

కొత్త కాగితం సెప్టెంబరు ఆఖరులోనే ఇచ్చాను. ఎంఈఓ గారు చదివి, ఎందుకమ్మా మూసుకున్న గొయ్యి తవ్వుకుంటావు అన్నారు. తీసుకోనన్నారు. రెండోరోజు రిజిస్టరు పోస్టులో పంపించాను. సస్పెన్షన్ ఆర్డరు నిన్న వచ్చింది. దసరా సెలవుల తర్వాత బడికి వచ్చింది పదిహేడు మందే. వాళ్ళని వచ్చే సోమవారం నుంచి అవతలి బడికి పొమ్మన్నారు. నువ్వు భయపడిందీ నేను భయపడిందీ రెండూ జరిగాయి.

ధనుంజయరావుగారు కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. పిల్ల తప్పేం లేదండీ, నేను చెయ్యి పట్టుకుని వేయించాను అన్నాను. "ఎవురు ఎయ్యిస్తే ఏందమ్మా టీచరమ్మా, ఇల్లు ఎవురిదో తెలిసింది గదా" అన్నారు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు. ఆ ఇంటి రేకులు అప్పటికే విప్పేశారు, మొండిగోడలు ఉన్నాయి.

నా రెండో కాగితం సంగతి ఊళ్ళో తెలిశాక బీబీ తనే వచ్చి చెప్పింది. వాళ్ళు మిర్యాలగూడ దగ్గర ఒక రైసు మిల్లులో ఉన్నారట. మొన్న ఆదివారం ఆరాధనకి కూడా పోకుండా బయలుదేరాను. దాచేపల్లి మీదుగా వెళ్ళి, పొందుగల దగ్గర కృష్ణ దాటేటప్పుడు, నువ్వు నాపరాళ్ళ మీద గీయించిన నది గుర్తొచ్చింది. అవతలికి గెంతిన ప్రతిసారీ నువ్వు చప్పట్లు కొట్టేదానివి.

మిల్లు వెనకాల రేకుల షెడ్లు, ఊక దుమ్ము. వెంకటేష్ బస్తాలు మోస్తున్నాడు. పన్నెండేళ్ళు స్టీరింగు పట్టినవాడు. నన్ను చూసి బస్తా దించి, నులకమంచం వాల్చాడు. ధనమ్మ మాత్రం మొహం తిప్పుకుంది. భవ్య షెడ్డు గుమ్మంలో ఉంది. ఈసారి లేచి నిలబడలేదు.

నేను కూర్చోలేదు. అన్నీ చెప్పాను. తెల్లగా వదిలింది అని, నాన్న చెప్పొద్దన్నాడంది అని, నేను వినలేదు అని, నిజం రంగా బయటి రంగా అని అడిగితే నేనేమన్నానో కూడా. కాగితంలో రాసింది అబద్ధమని చెప్పాను. గొంతు పెంచి చెప్పాను, గుమ్మం దాకా వినపడాలని.

వెంకటేష్ నా వైపు చూడకుండా, "ఆ పిల్ల మొదటినాడే చెప్పిందమ్మా, టీచరే ఎయ్యమందని. కొట్టేటప్పుడు గూడా అదే మాట అంది. టీచరమ్మ సంతకం పెట్టి రాసిన కాయితం అబద్ధం ఎట్టవుద్దని నేనే నమ్మలా" అన్నాడు.

పిన్నీ, అది చెప్పింది. నిజమే చెప్పింది. నేను దాని ఇల్లు ఒకటే తీసేశాననుకున్నాను. దాని మాట కూడా తీసేశాను. రెండు నెలలు అది నిజం చెబుతూ ఉంటే, నా సంతకం చూపించి వాళ్ళ నాన్న, నాయనమ్మ, ఊరు అందరూ దాన్ని అబద్ధాలకోరు అన్నారు.

ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెంకటేష్ లేచి గుమ్మం దగ్గరికి పోయి పిల్ల పక్కన కూర్చున్నాడు. ఆ చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర ఎముక కొంచెం వంకరగా అతుక్కుంది.

నన్ను తిడతారని, వెళ్ళగొడతారని అనుకుని వెళ్ళాను. అలా చేసి ఉంటే తేలికయ్యేది. క్షమించమని అడిగాను. జవాబు చెప్పాల్సిన పని వాళ్ళకి లేదు.

బస్సు టైమైంది, లేచాను. అప్పుడు భవ్య నన్ను పిలిచింది. టీచర్ అనే పిలిచింది. దగ్గరికి వెళ్ళాను. ఇక్కడ బడిలో చేర్చారని, మిల్లు దాటగానే ఉందని చెప్పింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది, "ఈడ బళ్ళో గూడా బొమ్మ ఎయ్యమన్నారు టీచర్. మీ ఊరు ఎయ్యండి, మీ ఇల్లు ఎయ్యండి అన్నారు. నేను ఎయ్యలా. ఎయ్యకపోతే కొడతారా?"

కొట్టరమ్మా, ఎందుకు కొడతారు అన్నాను.

అది నా వైపు చూడలేదు. తల తిప్పి వాళ్ళ నాన్న వైపు చూసింది, నా మాట నమ్మొచ్చా అని.

వెంకటేష్ ఆ చెయ్యి వదలకుండానే అన్నాడు, "నీ ఇష్టం తల్లీ. ఎయ్యబుద్దయితే ఎయ్యి, లేకపోతే ఖాళీగా ఇచ్చెయ్యి. రేపు నేను నీతో బడికొస్తా."

ఆ మాట ఆ గురువారం నేను అనాల్సింది పిన్నీ.

దయామణి.